ఇంజిన్ కంప్యూటర్ మారిస్తే ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఎవరు నడపాలి?

మీరు రాసిన వివరాలను ముందుగా క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావారికీ సంగతి తెలియాలి కదా. మీరుండేది విజయనగరం. కారు 2004 నాటి టయోటా కొరొల్లా, 1.8 లీటర్ల పెట్రోలు ఇంజిన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. మొన్నటి వానల్లో డాష్‌బోర్డు వెనక్కి నీరు దిగి ఇంజిన్ కంప్యూటర్ తడిసింది. అప్పటి నుంచి రెండు ఇంజెక్టర్లు పనిచేయడం లేదు, గేర్లు మాత్రం ఎప్పటిలాగే మారుతున్నాయి. విశాఖలో ఒక ట్యూనర్ పాత కంప్యూటర్ తీసేసి స్టాండలోన్ ఈసీయూ (ట్యూనరే సెట్టింగులన్నీ కట్టే విడి ఇంజిన్ కంప్యూటర్) బిగిస్తానన్నారు. గేర్‌బాక్సు సంగతి అడిగితే "అది దానంతట అదే నడుస్తుంది" అన్నారు. ఆ మాట నమ్మవచ్చా అన్నది మీ ప్రశ్న.

నమ్మవద్దు. మీ కారులో ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ నడిపేది ఒకే కంప్యూటర్. దాన్ని తీసేస్తే గేర్‌బాక్సుకు ఏ సమయంలో ఏ గేరు వేయాలో, క్లచ్‌లను ఎంత గట్టిగా పట్టాలో చెప్పేవారే ఉండరు. కాబట్టి ఇంధనం, స్పార్క్ గురించి ఒక్క మాట మాట్లాడకముందే ఆ ట్యూనర్‌ను అడగవలసింది ఇది: "ఇంజిన్ ఎంత టార్క్ (తిప్పే బలం) ఇస్తోందో గేర్‌బాక్సుకు ఎవరు చెబుతారు?" దీనికి సూటిగా జవాబు రాకపోతే కారు అక్కడ వదలకండి.

ఎందుకింత గట్టిగా అంటున్నానో చెబుతాను. ఆటోమేటిక్‌లో గేరు మారడమంటే ఒక క్లచ్ వదిలి మరొక క్లచ్ పట్టుకోవడం. ఆ పట్టు అంతా ఆయిల్ ప్రెషర్ మీద ఆధారపడి ఉంటుంది. ఇంజిన్ ఇచ్చే టార్క్ ఎంత ఎక్కువైతే పట్టు అంత గట్టిగా ఉండాలి. ఆ టార్క్‌ను గేర్‌బాక్సు తనంతట తాను కొలుచుకోలేదు. థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఎంత గాలి లోపలికి వెళుతోంది, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది అన్నవి చూసి కంప్యూటర్ లెక్క కడుతుంది. ఆ లెక్క ప్రకారం ఎస్‌ఎల్‌టి అనే లీనియర్ సోలెనాయిడ్‌కు (కరెంటుతో నడిచే ఆయిల్ వాల్వుకు) కరెంటు పంపుతుంది. కరెంటు ఎక్కువైతే ప్రెషర్ తగ్గుతుంది, కరెంటు తగ్గితే ప్రెషర్ పెరుగుతుంది. ఈ తిరగేసిన పద్ధతి కావాలని పెట్టిందే. తీగ తెగితే ప్రెషర్ గరిష్ఠానికి వెళుతుంది. గేర్లు దెబ్బ కొట్టినట్టు మారతాయి గాని క్లచ్ జారదు.

అందుకే కుదుపు కంటే మెత్తదనానికే ఎక్కువ భయపడాలి. కొత్త కంప్యూటర్ వేశాక గేర్లు వెన్నలా మారుతున్నాయని మురిసిపోయే కార్లలో కొన్నింటికి లోపల క్లచ్ ప్లేట్లు జారుతూ ఉంటాయి. జారుడు వేడిని పుట్టిస్తుంది, ఆ వేడికి ప్లేట్ల మీది పొర గాజులా నున్నబడుతుంది, ఏటీఎఫ్ (గేర్‌బాక్సు ఆయిల్) నల్లబడి మాడు వాసన వస్తుంది. ఆ దశకు చేరాక ఆయిల్ మార్చినా ఉపయోగం ఉండదు, గేర్‌బాక్సు విప్పవలసిందే.

శ్రీకాకుళంలో మా దగ్గరికి ఇలాంటి కారు ఒకటి వచ్చింది. వేరే ఊళ్లో స్టాండలోన్ బిగించారు. ఇంజిన్ పనితనంలో వంక పెట్టడానికి లేదు, ఇంధనం పట్టికలు శ్రద్ధగా కట్టారు. పాత కంప్యూటర్‌ను గేర్ల కోసం అలాగే ఉంచారు, అది మంచి ఆలోచనే. కానీ కొత్త ఈసీయూకు మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడిని చూసే మ్యాప్ సెన్సర్ చాలని గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ తీసేశారు. చెక్ లైటు వెలగకుండా ఉండటానికి పాత కంప్యూటర్‌కు ఆ తీగ మీద ఒక స్థిరమైన వోల్టేజీ ఇచ్చారు. దాంతో ఇంజిన్ ఎప్పుడూ ఐడిలింగ్‌కు దగ్గరలోనే ఉందని పాత కంప్యూటర్ నమ్మింది. నిండు థ్రాటిల్‌లో కూడా టార్క్ తక్కువని లెక్క కట్టి ప్రెషర్ తగ్గించింది. గేజ్ పెట్టి చూస్తే ఆ సంగతి వెంటనే బయటపడింది. కానీ అప్పటికే ప్లేట్లు మాడిపోయాయి. ఒక్క లైటు ఆర్పడానికి గేర్‌బాక్సు బలైంది. పనితనం తెలిసినవారి చేతిలోనే ఇలా జరిగిందని ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అన్ని ఆటోమేటిక్‌లూ ఒకటి కావు. ట్యూనర్ చెప్పిన మాట ఏదో పాత బండి అనుభవంతో చెప్పి ఉండవచ్చు. వెనుక చక్రాలను తిప్పే టయోటా బండ్లలో ఏ340ఈ అనే గేర్‌బాక్సు ఉండేది. అందులో ప్రెషర్‌ను థ్రాటిల్ నుంచి వచ్చే కేబుల్ చూసుకుంటుంది, కంప్యూటర్ పని గేర్లు మార్చడం, లాక్-అప్ (ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ జారుడు లేకుండా నేరుగా కలిపే క్లచ్) వేయడం వరకే. దాని ప్లగ్ పీకేసినా డి లో నాలుగో గేరు, 2 లో మూడో గేరు, ఎల్ లో ఒకటో గేరు వస్తాయి. చేత్తో మార్చుకుంటూ ఇంటికి చేరవచ్చు. మీ గేర్‌బాక్సు ఆ కోవకు చెందదు, దాని ప్రెషర్ కూడా కంప్యూటర్ చేతిలోనే ఉంది. మరోవైపు మెర్సిడెస్ 722.6 లాంటివాటికి విడిగా కంప్యూటర్ ఉంటుంది, కానీ అది టార్క్ వివరాలను క్యాన్ తీగల (కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల) మీద ఇంజిన్ కంప్యూటర్ నుంచే అందుకుంటుంది. ఆ సందేశాలు ఆగితే ఒకే గేరులో ఇరుక్కుపోతుంది. ఇక కంప్యూటర్ తప్పు చేస్తే గేర్లకు ఏమవుతుందో తెలియాలంటే 2001–2003 నాటి రావ్4 ఆటోమేటిక్‌లను చూడండి. కంప్యూటర్ లోపం వల్ల గేర్లు దెబ్బ కొట్టినట్టు మారేవి. ముందు కంప్యూటర్ మార్చాలని టయోటాయే అమెరికాలో తన వర్క్‌షాపులకు చెప్పింది.

ఇప్పుడు మీ కారు సంగతికి వద్దాం. స్టాండలోన్‌కు డబ్బు కట్టే ముందు పాత కంప్యూటర్‌ను బాగు చేయించే ప్రయత్నం నిజాయితీగా జరగాలి. రెండు ఇంజెక్టర్లు పనిచేయనంత మాత్రాన కంప్యూటరే పోయిందని అనుకోనక్కరలేదు. ఇంజెక్టర్ ప్లగ్ తీసి మల్టీమీటర్‌తో చూడండి, ఈ ఇంజిన్ ఇంజెక్టర్లు 13–14 ఓంల దగ్గర ఉండాలి. ప్లగ్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయా, అక్కడి నుంచి కంప్యూటర్ దాకా తీగ తెగకుండా ఉందా చూడండి. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ప్లగ్గుల లోపల పచ్చటి చిలుము పట్టడం చాలా మామూలు. గులాబ్ తుపాను 2021 సెప్టెంబరులో కళింగపట్నం దగ్గర తీరం దాటాక ఆ చుట్టుపక్కల నుంచి వచ్చిన బండ్లలో చాలావాటికి కంప్యూటర్లు బాగానే ఉన్నాయి, ప్లగ్గులే కుళ్లిపోయాయి. తీగలన్నీ బాగుంటే అప్పుడు బోర్డు విప్పించండి. ఇంజెక్టర్‌ను నడిపే ట్రాన్సిస్టర్ మార్చడం, చిలుము పట్టిన దారులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి మళ్లీ సోల్డర్ చేయడం చేయి తిరిగిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌కు కష్టమైన పని కాదు. అదే నంబరున్న వాడిన కంప్యూటర్ దొరికినా మంచిదే. ఇమ్మొబిలైజర్ ఉంటే తాళం చెవిని దానికి నమోదు చేయించాలి, అంతే. ఈ రెండు దారుల్లో ఏది కుదిరినా అక్కడితో ఆగిపోవచ్చు. గేర్‌బాక్సుకు టయోటా ఇంజినీర్లు కట్టిన లెక్క చెక్కుచెదరకుండా మీ దగ్గరే ఉంటుంది.

ఆ దారులు మూసుకుపోతే, మీ విషయంలో నేను ఒప్పుకొనే పద్ధతి ఒక్కటే. పాత కంప్యూటర్‌ను తీయకుండా గేర్ల కోసం ఉంచాలి, కొత్తది ఇంజిన్‌ను మాత్రం నడపాలి. మీ పాత కంప్యూటర్‌లో గేర్ల భాగం ఇంకా పనిచేస్తోంది కాబట్టి ఇది కుదురుతుంది. అయితే తడిసిన బోర్డు కాబట్టి దాన్ని శుభ్రం చేయించి, పూత వేయించాకే బిగించండి. లేకపోతే నేడు ఇంజెక్టర్లను తిన్న చిలుము రేపు సోలెనాయిడ్ల డ్రైవర్లను తింటుంది.

ఇలా రెండు కంప్యూటర్లు కలిసి బతకాలంటే పాతది ఏమీ మారలేదని నమ్మాలి. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. కొత్త ఈసీయూ దేనితో ఇంధనం లెక్క కట్టినా సరే, మాఫ్ సెన్సర్ దాని చోటులోనే ఉండాలి, దాని తీగలు పాత కంప్యూటర్‌కే వెళ్లాలి. పైన చెప్పిన కారు కథ గుర్తుంచుకోండి. థ్రాటిల్ సెన్సర్‌కు 5 వోల్టులు, సెన్సర్ ఎర్త్ పాతదాని నుంచే వెళ్లాలి, కొత్తది సిగ్నల్ తీగ నుంచి చదువుకుంటే చాలు. సెన్సర్ ఎర్త్‌ను బాడీకి కలపవద్దు. రెండు ఈసీయూల 5 వోల్టుల తీగలను ఒకదానికొకటి ఎన్నడూ కలపవద్దు.

కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ దగ్గర చాలామంది దెబ్బ తింటారు. అది ఉష్ణోగ్రతతో విలువ మారే రెసిస్టర్ మాత్రమే. దానికి కరెంటు ఇచ్చే పుల్-అప్ రెసిస్టర్ ఈసీయూ లోపల ఉంటుంది. ఒకే సెన్సర్‌కు రెండు ఈసీయూలు కలిపితే రెండు పుల్-అప్‌లు పక్కపక్కన చేరి, ఇద్దరూ అసలు కంటే చల్లని ఇంజిన్‌ను చూస్తారు. ఇంజిన్ తగినంత వేడెక్కే దాకా పాత కంప్యూటర్ నాలుగో గేరునూ లాక్-అప్‌నూ ఇవ్వదు. కారు హైవేలో మూడో గేరులోనే అరుస్తూ పోతుంటే కారణం గేర్‌బాక్సులో ఉందని వెతుకుతారు. కొత్త ఈసీయూకు విడిగా ఒక సెన్సర్ బిగించడమే శుభ్రమైన పని. లేదా కొత్త ఈసీయూ లోపలి పుల్-అప్‌ను ఆపే వీలుంటే అదీ సరే.

ఇంజిన్ తిరుగుడును చదివే క్రాంక్ సెన్సర్ మరింత సున్నితమైనది. ఈ ఇంజిన్‌లో 36 పళ్ల స్థానాలుండి రెండు పళ్లు లేని చక్రం ఉంటుంది, సెన్సర్ అయస్కాంతపు రకం. స్టార్టర్ తిప్పేటప్పుడు వచ్చే సిగ్నల్ అసలే బలహీనం, దాన్ని రెండు ఈసీయూలకు పంచితే ఇంకా పడిపోవచ్చు. ఆసిలోస్కోప్ లేకుండా ఈ కలయిక చేసేవారిని నమ్మను. రెండింటికీ పోలారిటీ ఒకటే ఉండాలి, స్టార్టింగ్ వేగంలో తరంగం ఆకారం చెడకూడదు. చెడితే మధ్యలో ఒక సిగ్నల్ కండిషనర్ పెట్టి కొత్తదానికి చదరపు తరంగం ఇవ్వాలి.

ఇంజెక్టర్లూ కాయిల్‌లూ కొత్తదానికి మారతాయి. ప్రతి కాయిల్ నుంచి "స్పార్క్ పడింది" అని తిరిగి చెప్పే ఐజీఎఫ్ తీగను మాత్రం పాత కంప్యూటర్‌కే ఉంచండి, ఆ సిగ్నల్ అందకపోతే పాత కంప్యూటర్ తప్పు నమోదు చేస్తుంది. క్యామ్ షాఫ్ట్ సమయాన్ని మార్చే వీవీటీ-ఐ ఆయిల్ వాల్వు కూడా కొత్తదాని చేతికి వస్తుంది. పాతదానికి దాని బదులు 7 ఓంల దరిదాపు రెసిస్టర్ ఇవ్వాలి. అది బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్ మీద కాకుండా లోహపు గోడకు బిగించండి. అయినా క్యామ్ తను చెప్పినట్టు కదలడం లేదని పాత కంప్యూటర్ చెక్ లైటు వెలిగించవచ్చు. లైటు వెలగడం పెద్ద విషయం కాదు. ఆ కోడ్ వల్ల గేర్లు రక్షణ స్థితిలోకి వెళుతున్నాయా లేదా అన్నదే చూడాలి. ఓబీడీ ప్లగ్‌లో 4, 13 పిన్నులు కలిపితే లైటు మిణుకులతో కోడ్లు చదవవచ్చు, స్కానర్ ఉంటే ఇంకా మేలు. పాత కంప్యూటర్ బతికి ఉండటంలో పెద్ద లాభం ఇదే. ఏ గేరు వేసింది, లాక్-అప్ పడిందా, టర్బైన్ (గేర్‌బాక్సులోకి వచ్చే షాఫ్ట్) వేగం ఎంత, అన్నీ స్కానర్‌లో కనబడుతూనే ఉంటాయి.

డి లో పెట్టగానే ఇంజిన్ మీద బరువు పడుతుంది. ఐడిలింగ్ వాల్వు కొత్త ఈసీయూ చేతిలో ఉంటే, లీవరు ఎక్కడుందో దానికీ తెలియాలి, లేకపోతే సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది. న్యూట్రల్ స్విచ్ తీగను దానికి కలపండి. పి, ఎన్ లలో తప్ప స్టార్టర్ తిరగకుండా ఆపే ఏర్పాటును మాత్రం ఎవరు చెప్పినా తీయనివ్వకండి. వైరింగ్ సులువవుతుందని దాన్ని దాటవేసేవారున్నారు. డి లో ఉండగా స్టార్టయిన కారు ముందున్న మనిషిని గోడకు నొక్కేస్తుంది.

చాలామంది ఆలోచించని ఒక విషయం మిగిలింది. గేరు మారే ఆ క్షణంలో పాత కంప్యూటర్ ఇగ్నిషన్‌ను (స్పార్క్ పడే సమయాన్ని) కాస్త వెనక్కి జరిపి టార్క్ తగ్గించేది. రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి కాబట్టి ఆ సంగతి బయటికి తెలియదు. ఇప్పుడు స్పార్క్ కొత్తదాని చేతిలో ఉంది, పాతది వెనక్కి జరపమన్నా వినేవారు లేరు. అది లేకుండా నిండు థ్రాటిల్‌లో ఒకటి నుంచి రెండుకు మారిన ప్రతిసారీ క్లచ్‌కు అదనపు వేడి తగులుతుంది. దీనికి పరిష్కారం ఉంది. షిఫ్ట్ సోలెనాయిడ్ల తీగలను కొత్త ఈసీయూకు డిజిటల్ ఇన్‌పుట్‌గా ఇవ్వండి. ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్న ఇన్‌పుట్ వాడాలి, సోలెనాయిడ్ కరెంటు దారి మళ్లకూడదు. వాటి స్థితి మారగానే పైగేరుకు మార్పు మొదలవుతోందని కొత్త ఈసీయూకు తెలుస్తుంది. అయితే వెంటనే స్పార్క్ జరపవద్దు. సోలెనాయిడ్ మారాక క్లచ్ గదిలోకి ఆయిల్ నిండడానికి కొంత సమయం పడుతుంది, అసలు మార్పు ఇంజిన్ వేగం పడటం మొదలైనప్పుడే. లాగింగ్‌లో ఆ ఆలస్యం చూసి అంత ఆగి, 8–10 డిగ్రీలు వెనక్కి జరిపి, మార్పు ముగియగానే మెల్లగా తిరిగి తేవాలి. ఈ ఒక్క పని చేసిన ట్యూనర్‌ను నేను గౌరవిస్తాను.

గేర్‌బాక్సును కూడా తామే నడిపే స్టాండలోన్ ఈసీయూలు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, విడి గేర్‌బాక్సు కంట్రోలర్లూ ఉన్నాయి. మైక్రోస్క్వర్ట్‌తో 4ఎల్60ఈ ని, టర్బోలామిక్‌తో జెడ్‌ఎఫ్ 8హెచ్‌పీ ని నడిపేవారు ప్రపంచమంతా ఉన్నారు. అవి రేసుల్లో, ఇంజిన్ మార్పుల్లో బాగా వాడుకలో ఉన్న గేర్‌బాక్సులు కాబట్టి ప్రెషర్ పట్టికలు సిద్ధంగా దొరుకుతాయి. మీ చిన్న ముందుచక్రాల గేర్‌బాక్సుకు అలాంటి పట్టికను సున్నా నుంచి కట్టాలి. ప్రతి గేరుకూ, ప్రతి థ్రాటిల్ స్థితికీ, వేడి చల్లదనాలకూ విడివిడిగా కట్టాలి. ఆ నేర్చుకోవడమంతా మీ క్లచ్ ప్లేట్ల ఖర్చు మీద జరుగుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు అది తగదు. ఇకముందు టర్బో పెట్టే ఆలోచన ఉంటే కూడా ఇప్పుడే చెప్పండి. మాఫ్ సెన్సర్ కొలతకు మించి గాలి వెళితే పాత కంప్యూటర్ లెక్క తప్పుతుంది, ప్రెషర్ చాలదు, అప్పుడు ఈ జంట పద్ధతి పనికిరాదు.

చట్టం విషయం ఒక్క మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇక్కడ ఇంజిన్ మారడం లేదు, కానీ క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ ఆక్సిజన్ సెన్సర్‌నూ తీయనివ్వకండి, కాలుష్య పరీక్షలో నిలవాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

పని పూర్తయ్యాక వెంటనే రోడ్డెక్కవద్దు. కారు కదలకముందే కొన్ని పరీక్షలు ఉన్నాయి. ప్లగ్ దగ్గర షిఫ్ట్ సోలెనాయిడ్లు 11–15 ఓంలు, ఎస్‌ఎల్‌టి 20 డిగ్రీల దగ్గర 5–5.6 ఓంలు చూపాలి. ఏటీఎఫ్ టి-4 రకం, మట్టం వేడి మీద చూడాలి. బ్రేకు నొక్కి ఎన్ నుంచి డి కి వేస్తే 1.2 సెకన్ల లోపు, ఆర్ కు వేస్తే 1.5 సెకన్ల లోపు పట్టు తగలాలి, ఎక్కువ పడితే ప్రెషర్ తక్కువన్నమాట. గేర్‌బాక్సుకు ప్రెషర్ చూసే రంధ్రం ఉంటుంది, అక్కడ గేజ్ బిగించి ఐడిలింగ్‌లోనూ స్టాల్ పరీక్షలోనూ (బ్రేకు గట్టిగా నొక్కి ఉంచి, గేరులో నిండు థ్రాటిల్ ఇచ్చే పరీక్ష) మాన్యువల్ విలువలతో పోల్చమని ట్యూనర్‌ను పట్టుబట్టి అడగండి. స్టాల్ పరీక్ష 5 సెకన్లకు మించకూడదు, చక్రాలకు దిమ్మలు పెట్టాలి, కారు ముందు ఎవరూ నిలబడకూడదు. కొత్త ఈసీయూ పెట్టకముందు, ఇప్పుడున్న స్థితిలోనే ఐడిలింగ్ ప్రెషర్ ఒకసారి కొలిపించి రాసి పెట్టుకోండి. తర్వాత వచ్చే కొలతను దానితో పోల్చుకోవచ్చు.

రోడ్డు మీద మొదట ఊళ్లోనే సగం థ్రాటిల్ లోపు నడపండి. స్కానర్ చూడటానికి పక్కన మరొకరు ఉండాలి. లాక్-అప్ పడ్డాక ఇంజిన్ వేగమూ టర్బైన్ వేగమూ ఒకటిగా కనిపించాలి. తేడా ఉంటే జారుడు ఉన్నట్టే. గేరు మారేటప్పుడు ఇంజిన్ వేగం ఒక్కసారి పైకి ఎగిసి తర్వాత పడితే అదీ జారుడే, వెంటనే కాలు తీసేయండి. ఇవన్నీ సరిగా ఉంటే గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాకా వెళ్లి, అక్కడి నుంచి ఒడిశా వైపు ఘాట్ ఎక్కండి. మైదానంలో బాగున్న గేర్‌బాక్సు అసలు స్వభావం ఘాట్‌లో బయటపడుతుంది. మలుపు మలుపుకూ లాక్-అప్ ఊడి, ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ ఆ ఆయిల్‌ను మరిగిస్తుంది. కూలర్ లైనులో ఒక టెంపరేచర్ సెన్సర్ బిగించుకొని వెళ్లండి. 80–100 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. 120 దాటితే పక్కకు ఆపి, ఎన్ లో పెట్టి, ఇంజిన్ ఆపకుండా ఐడిలింగ్‌లో ఉంచండి, ఆయిల్ కూలర్ గుండా తిరుగుతూ చల్లబడుతుంది. తిరిగి వచ్చాక డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డ మీద తుడిచి చూడండి. ఎరుపు రంగు ఉంటే సరే. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే ఎంత దూరమైనా కారును లారీ మీదికి ఎక్కించి ట్యూనర్ దగ్గరికి పంపండి, నడిపి తీసుకువెళ్లవద్దు.